ఏదైనా కీ నొక్కండి

నీళ్ళు ఎర్ర గీతకి జానెడు దిగువన ఉన్నాయి. కంప్యూటర్ చచ్చి ఊరుకుంది. గేట్ల గదిలో గేటక్క ఒక్కతే ఉంది.

మొదటి రెండూ ఆ పొద్దున్నే వచ్చిపడ్డవి. మూడోది ఏళ్ళ నాటిది.

ఆ గది ఆనకట్ట నడినెత్తిన ఉంటుంది. ఇటు ఎగువకి పై కిటికీ, అటు దిగువకి కింది కిటికీ. ఇటు చూస్తే చూపు పోయినంత మేరా జలాశయం. అటు చూస్తే ఆనకట్టకి చేర్చి కట్టిన పొడవాటి మట్టికట్ట, దాని కింద కాలనీ. మూడో వరసలో నీలం రంగు ట్యాంకు ఉన్న ఇల్లు గేటక్క చెల్లెలిది. రాత్రంతా కురిసిన వానకి కాలనీ రోడ్డు తెగిపోయింది. జనమంతా డాబాల మీద గొడుగులు పట్టుకుని నిలబడి, ఈ గది వైపే చూస్తున్నారు.

నీళ్ళు ఆనకట్ట గోడ మీది కొలబద్దకున్న ఎర్ర గీత దాటితే మట్టికట్ట మీంచి దూకుతాయి. ఒక్కసారి దూకాయంటే ఆ కట్ట తడిసిన ఉప్పులా కరిగిపోతుంది. తర్వాత గేట్లు ఎత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే.

గేట్లు ఎత్తే మోటార్లకి కంప్యూటర్ చెప్పాలి. చేత్తో తిప్పే చక్రాలు బయట ఉన్నాయి గానీ అవి ఇద్దరి పని. ఒకరు చక్రం తిప్పాలి, ఇంకొకరు అవతలి కొసన నిలబడి చుట్టుచుట్టుకీ బ్రేకు ఎత్తి దించాలి. పొద్దున్న గేటక్క బ్రేకుకి తాడు కట్టి చూసింది. చక్రం గిర్రున వెనక్కి తిరిగి ఆమె మోచెయ్యి విరిచినంత పని చేసింది.

ఒకప్పుడు ఈ గదిలో ఇద్దరు ఉండేవారు. కంప్యూటర్ వచ్చాక రెండో మనిషిని బదిలీ చేసేశారు. ఒంటరిగా ఉన్న మనిషి నిద్రపోతే? కళ్ళు తిరిగి పడిపోతే? అందుకూ ఒక ఏర్పాటు చేశారు. పావుగంటకోసారి తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. ‘డ్యూటీలో ఉన్నారా? ఏదైనా కీ నొక్కండి.’ నిమిషంలోపు నొక్కకపోతే పెద్దాఫీసులో గంట మోగుతుంది. తర్వాత మెమో వస్తుంది.

గేటక్కకి ఇంతవరకూ ఒక్క మెమో కూడా రాలేదు. తింటున్నా, కునుకు తీస్తున్నా, ప్రశ్న రాగానే కుడి బొటనవేలు తనంతట తనే వెళ్ళి అడుగున ఉన్న పొడుగు కీ మీద పడేది. ఒకసారి చెల్లెలింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు వాషింగ్ మెషీన్ ఏదో కూత పెట్టింది. గేటక్క బొటనవేలు టక్కున బల్ల అంచుని నొక్కింది. చెల్లెలు పగలబడి నవ్వింది.

“ఇక్కడెవరూ నిన్ను అడగట్లేదే అక్కా, తిను!”

గేటక్క కూడా నవ్వింది. ఆ మాట మాత్రం లోపలెక్కడో ముల్లులా ఉండిపోయింది. చెల్లెలింటికి వెళ్ళడం క్రమంగా తగ్గిపోయింది.

పోయిన వారం కొత్త కెమెరా కోసం ఎవరో వచ్చి గదికి నెట్ వైరు లాగారు. పనిలో పనిగా దాన్ని కంప్యూటర్‌కి కూడా తగిలించిపోయారు. అదేమో పాత కాలపు సిస్టం. ఏళ్ళ తరబడి అప్‌డేట్ మొహం చూడలేదు. ఒక్కసారిగా వైరు దొరికేసరికి ఆవురావురుమంటూ ఏవేవో దించుకుంది. పొద్దున్న తనంతట తనే ఆగి, మళ్ళీ మొదలవుతుండగా పిడుగు పడింది. కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. అప్పట్నించీ తెర మీద నీలం రంగు, తెల్లటి అక్షరాలు, అంతే.

పెద్దాఫీసు ఇంజనీరు వైర్‌లెస్ సెట్‌లో గొంతు చించుకున్నాడు. “కంప్యూటర్లు చూసే కొత్త కంపెనీ వాళ్ళు బయల్దేరారమ్మా. దారంతా నీళ్ళే. రేపటికి గాని చేరలేరు. నేనూ ఇక్కడ ఇరుక్కుపోయాను.”

“రేపటికి చేరి ఏం చేస్తారండీ, ఈత కొడతారా?”

ఇంజనీరు గొంతు తగ్గించాడు. “ఆ పాత సిస్టం తెలిసినవాళ్ళు మా దగ్గర ఒక్కరూ మిగల్లేదు గేటక్కా. నీకెవరైనా తెలుసా?” అన్నాడు.

ఆ ప్రశ్నతో గేటక్క సొరుగు లాగింది. అడుగున, కాగితం తొడుగులో డిస్కు. తొడుగు మీద లావాటి పెన్నుతో ‘ప్రాణం మీదికొస్తేనే’ అని, దాని కింద ఒక ఫోను నంబరు. డిస్కు మాస్టారి రాత. ఈ కంప్యూటర్‌ని తెచ్చి బిగించి, గేటక్కకి నేర్పి వెళ్ళిన మనిషి. ఎప్పుడో రిటైరయ్యాడు.

గదిలోని ల్యాండ్‌లైన్ పనిచేస్తోంది. ఆమె నంబరు తిప్పింది. అవతల ఒక రింగు కూడా పూర్తవలేదు.

“రాంగ్ నంబరైతే పెట్టేయండి. అప్పు ఇస్తామనే కంపెనీ అయితే ముందే పెట్టేయండి.”

“మాస్టారూ, గేట్ల గది నుంచి.”

అవతల కుర్చీ కిర్రుమంది. “మౌస్‌ని గాల్లోకెత్తి ఊపిన అమ్మాయివేనా?”

“ఆ అమ్మాయికి జుట్టు నెరిసింది లెండి. మాస్టారూ, ప్రాణం మీదికొచ్చింది.”

ఆమె చెప్పింది. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

“ముందు ఆ నెట్ వైరు పీకెయ్.”

పీకింది.

“ఇప్పుడు డిస్కు పెట్టు. దీన్ని తుడిచేసి కొత్తగా వెయ్యం, ఉన్నదాని మీదే రిపేరు చేస్తాం. అలాగైతే మన గేట్ల ప్రోగ్రాం చెక్కుచెదరదు. మధ్యలో అదే ఒకసారి ఆగి మొదలవుతుంది. మొత్తం గంట పట్టొచ్చు. నీళ్ళు ఎక్కడున్నాయి?”

“జానెడు కింద. గంటకి ఎనిమిది వేళ్ళు పెరుగుతున్నాయి.”

“అయితే మనకి బోలెడు టైముంది,” అన్నాడాయన, అది అబద్ధమని ఇద్దరికీ తెలిసేలా.

డిస్కు ట్రే మొరాయించింది. సన్నటి బెజ్జంలోకి పిన్నీసు గుచ్చి తెరవమన్నాడు. తెరుచుకుంది. డిస్కు లోపలికి వెళ్ళింది గానీ ట్రే ఎక్కడో కరకరమంది.

“ఇంక దాన్ని కదపకు. మళ్ళీ తెరిస్తే మూసుకోకపోవచ్చు. తెర మీద ఏం అడుగుతోంది?”

“డిస్కు నుంచి మొదలెట్టాలంటే ఏదైనా కీ నొక్కమంటోంది.”

“నొక్కు.”

నొక్కింది. నీలం తెర మీద రిపేరు మొదలైంది. ఫైళ్ళు కాపీ అవుతున్నాయి. పసుపుపచ్చ గీత చీమలా పాకుతోంది. సగం దూరం వెళ్ళి ఆగింది.

“ఏదో ఫైలు చదవలేకపోతున్నానంటోంది మాస్టారూ.”

“డిస్కుకి దుమ్ము పట్టి ఉంటుంది. తీసి తుడిచే యోగం లేదు. మళ్ళీ ప్రయత్నించమని చెప్పు. వదలకుండా చెప్పు. మొండిఘటాలకి మొండితనమే మందు.”

నాలుగోసారికి గీత కదిలింది. గేటక్క ఊపిరి వదిలింది. ఫోనులో కూడా ఊపిరి వినబడింది.

“ఇప్పుడది ఆగి, తనే మళ్ళీ మొదలవుతుంది. ఇకనుంచి నువ్వేమీ ముట్టుకోకూడదు. నాకు చెబుతూ ఉండు.”

“సరే.”

తెర నల్లబడింది. గేటక్క ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి ఎదురు చూసింది. కిటికీ అద్దం మీద వాన. అటు డాబాల మీద గొడుగులు. డిస్కు గుర్రుమంది. నీలం తెర వచ్చింది.

“మళ్ళీ మొదటికొచ్చింది, మాస్టారూ. ఇందాకటి నీలం తెరే.”

“అదేమిటి? రెండో అంకం కదా రావాలి! ఏమైనా నొక్కావా?”

“లేదండీ.”

“ఖాయంగా?”

“ఖాయంగా.”

“అయితే హార్డ్ డిస్కు రాసుకోవడం లేదేమో. మొదటి విడత సరిగ్గా పడలేదేమో. మళ్ళీ కానివ్వు.”

మళ్ళీ చీమ పాకింది. గేటక్క పై కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది. గీతకీ నీళ్ళకీ మధ్య ఇప్పుడు బెత్తెడే ఉంది. కిటికీ దగ్గర మాత్రమే సిగ్నలు దొరికే సెల్‌ఫోను అదను చూసి మోగింది. చెల్లెలు.

“ఏమే, గేట్లు ఎత్తడానికి నిన్నెవరైనా బతిమాలాలా? మీ మరిది పొద్దున్నించీ డాబా మీద కుర్చీ వేసుకుని నీ గది వైపే చూస్తున్నాడు, సినిమా చూసినట్టు!”

“కంప్యూటర్ పాడైందే.”

“అదీ పాడైందా? నీకు ప్రపంచంలో ఉన్నది అదొక్కటే కదా!” గొంతు తగ్గింది. “ఎత్తుతావు కదా, అక్కా?”

“ఎత్తుతాను.”

పెట్టేసి పరుగున వచ్చింది. కాపీ పూర్తయింది. తెర నల్లబడింది. డిస్కు గుర్రుమంది. నీలం తెర.

“మాస్టారూ...”

“చెప్పకు. నీ గొంతే చెప్పింది.” ఆయన దగ్గాడు. “లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళి ముందు హార్డ్ డిస్కునే చూడమంటే సరిపోయేది. దానికి తాళం వేసింది నేనే. పాస్‌వర్డ్ కవర్లో పెట్టి ఆఫీసుకిచ్చాను.”

గేటక్క వైర్‌లెస్‌లో ఇంజనీరుని అడిగింది. ఆఫీసు రెండుసార్లు చోటు మారిందనీ, కవరు ఏ పెట్టెలో ఉందో దేవుడికే తెలియాలనీ చెప్పాడు.

ఫోను మళ్ళీ చెవిన పెట్టుకునేసరికి అవతల ఏమీ వినబడలేదు. “ఉన్నారా, మాస్టారూ?”

“ఎక్కడికెళ్తాను? ఈ ఇంట్లో ఫోను మోగడమే గొప్ప. మోగాక వదిలిపెడతానా?” తనకి తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. వెంటనే గొంతు మార్చాడు. “ఇందాక ఒక చప్పుడు విన్నాను. నల్ల తెర ఉన్నప్పుడు. టక్‌మని.”

“వాన చప్పుడేమో.”

“వాన జల్లుమంటుంది, టక్‌మనదు. మొదటిసారి కూడా విన్నాను, డిస్కు అనుకున్నాను. ఒక పని చెయ్. ఈ నీలం తెర మీద, ఇప్పుడే మొదలైంది కదా, రద్దు చేసి బయటికి రమ్మను. అది మళ్ళీ ఆగి మొదలవుతుంది. ఈసారి నాతో మాట్లాడకు. తెర కూడా చూడకు. నీ చేతుల్ని చూసుకో.”

ఆమె రద్దు చేసింది. తెర నల్లబడింది. ఒళ్ళో పెట్టుకున్న చేతుల వైపు చూస్తూ కూర్చుంది, వేరెవరివో చూస్తున్నట్టు.

తెర మీద తెల్లగా ఏదో మెరిసింది. కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. నింపాదిగా, పెంపుడు జంతువు తన గిన్నె దగ్గరికి వెళ్ళినట్టు వెళ్ళింది. బొటనవేలు పొడుగు కీ మీద పడింది.

టక్.

గేటక్క ఆ చేతిని రెండో చేత్తో వెనక్కి లాక్కుంది. “నేనే,” అంది. “నేనే, మాస్టారూ. నేనే నొక్కుతున్నాను.”

“డిస్కు నుంచి మొదలెట్టమంటే ఏదైనా కీ నొక్కమని అడుగుతుంది. జవాబు చెప్పకపోతే ఊరుకుని తన దారిన తను ముందుకెళ్తుంది. నువ్వు ప్రతిసారీ జవాబు చెబుతున్నావు. అది ప్రతిసారీ మొదటికొస్తోంది. కానీ... నువ్వెందుకు...” ఆయన ఆగిపోయాడు. “పావుగంట ప్రశ్న!”

“అవునండీ.”

“ఆ ప్రశ్న పెట్టింది నేనే, అమ్మాయ్,” అన్నాడాయన నీరసంగా. “ఆఫీసువాళ్ళు బెల్లు పెట్టమన్నారు. మనిషిని మనిషి అడిగినట్టు ఉంటుందని మాటలు రాశాను.”

పై కిటికీ అవతల నీళ్ళు గోడకి కొట్టుకుంటున్నాయి.

“సరే, విను. ఇప్పటికే రెండుసార్లు కాపీ అయింది. అది చాలు. మళ్ళీ రద్దు చెయ్. ఈసారి తెర నల్లబడగానే ఏం చేస్తావో తెలుసా...”

క్లిక్‌మంది. తర్వాత ఏమీ లేదు. గాలి చప్పుడు కూడా లేదు. గేటక్క ఫోను తట్టింది, ఊపింది, మళ్ళీ నంబరు తిప్పింది. లైను పోయింది. ఎక్కడో తీగ తెగింది. పై కిటికీ దగ్గర సెల్‌ఫోనులోంచి చేసినా ఆ నంబరు పలకలేదు.

ఆ గదిలో ఆమె చాలాసార్లు ఒంటరిగా ఉంది. ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేదు.

రద్దు చేసింది. తెర నల్లబడింది. ఆమె లేచింది. కుర్చీని వెనక్కి తన్ని, కింది కిటికీ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో చువ్వలు పట్టుకుంది. తెరకి వీపు పెట్టి నిలబడింది.

వెనక డిస్కు తిరగడం మొదలైంది. ఇప్పుడు అడుగుతూ ఉంటుంది. బొటనవేలు చువ్వని నొక్కుతోంది, మళ్ళీ నొక్కుతోంది. నొక్కుకోనిచ్చింది. ఇనుముకి ఏం తెలుస్తుంది? ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి మొదటిసారి జవాబివ్వలేదు. నీలం ట్యాంకు పక్కన కుర్చీలో మరిది, పక్కనే చీరకొంగు నెత్తిన కప్పుకున్న చెల్లెలు. ఆమె వాళ్ళనే చూస్తూ నిలబడింది. లోపల మాత్రం ఏదో ‘ఉన్నాను, ఉన్నాను’ అని గింజుకుంటోంది.

డిస్కు ఆగింది. ఇంకో చప్పుడు మొదలైంది, సన్నగా, గరగరమంటూ. హార్డ్ డిస్కు.

తిరిగి చూసింది. తెర మీద రంగులున్నాయి. పక్కన పనుల వరస, కింద ఆకుపచ్చ గీత. రెండో అంకం.

అక్కడినుంచి అది ఎంతసేపు నడిచిందో ఆమె చూడలేదు. పై కిటికీ దగ్గర నిలబడి కొలబద్దనే చూసింది. బెత్తెడు రెండు వేళ్ళయింది. రెండు వేళ్ళు ఒక వేలయింది. మధ్యలో సిస్టం తన సీరియల్ నంబరు చెప్పమంది. కంప్యూటర్ పెట్టె పక్కన అతికించిన కాగితం మీది అక్షరాలు సగం వెలిసిపోయాయి. ఒకచోట ఎనిమిదనుకుని కొట్టింది. ఒప్పుకోలేదు. బి కొట్టింది. ఒప్పుకుంది.

చివరికి తెర వెలిగింది. అప్‌డేట్లు వెతకమంటారా అని వినయంగా అడిగింది.

“నీ అప్‌డేట్లు తగలెయ్య!” అంది గేటక్క, వద్దు అన్నచోట నొక్కుతూ.

గేట్ల ప్రోగ్రాం తెరుచుకుంది. ఆమె ముందు సైరన్ నొక్కింది. ఏటి ఒడ్డుని పోలీసులు పొద్దున్నే ఖాళీ చేయించారు, అయినా మూడుసార్లు మోగించింది. తర్వాత మొదటి గేటు. నేల అదిరింది. మోటారు మూలిగింది, గట్టిగా మూలిగింది, గేటు లేచింది. రెండోది. మూడోది. ఆనకట్ట కిందినుంచి నీళ్ళు తెల్లటి గోడలా విరుచుకుపడి ఏట్లోకి పరుగెత్తాయి.

ఎర్ర గీత తడిసింది. ఆమె కొలబద్ద వైపే రెప్ప వేయకుండా చూసింది. నీళ్ళు గీత మీద ఆగాయి. అక్కడే ఊగిసలాడాయి. తర్వాత, ఇష్టం లేనట్టుగా, దిగడం మొదలెట్టాయి.

“శభాష్ గేటక్కా!” అన్నాడు వైర్‌లెస్‌లో ఇంజనీరు. వెనకాల ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత సెట్ గరగరమని ఊరుకుంది.

చెల్లెలు ఫోను చేసింది. “చూశాం. మీ మరిది కుర్చీలోంచి లేచి మరీ ఈలేశాడు, ముసలాడు. ఆదివారం ఇంటికి రా. ఆ డబ్బాని వదిలేసి రా.”

“చూస్తాను.”

“చూస్తానంటే రావన్నమాట. నీ చూపులు నాకు తెలియవా?”

“వస్తానే.”

“ఊఁ,” అంది చెల్లెలు నమ్మకుండా. ఫోను మాత్రం వెంటనే పెట్టేయలేదు.

సాయంత్రం దిగుతోంది. తెర మీద కిణుక్కుమంటూ పాత ప్రశ్న వచ్చింది. డ్యూటీలో ఉన్నారా? బొటనవేలు వెళ్ళబోయింది. గేటక్క దాన్ని ఆపి, కాసేపు ఆ మాటల వైపు చూసింది. మనిషిని మనిషి అడిగినట్టు. తర్వాత చూపుడువేలితో, చూసి మరీ నొక్కింది.

అప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళు దిగాయని ఇంజనీరుకి తెలుసు. చెల్లెలికి తెలుసు. డాబాలన్నిటికీ తెలుసు. ఎక్కడో ఒక ఇంట్లో ఒక మనిషి, మాట మధ్యలో తెగిపోయిన ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి చెప్పేవాళ్ళు లేరు. ఆమె సెల్‌ఫోనులోంచి ఆ నంబరు మళ్ళీ తిప్పింది. ఇప్పుడూ పలకలేదు. ఆయన వైపు తీగే తెగినట్టుంది.

ఆ రాత్రంతా వీలైనప్పుడల్లా తిప్పింది. దారి తెగి ఉండటంతో ఆమె స్థానంలోకి రావాల్సిన మనిషి రాలేదు. గదిలోనే పడుకుని, లేచి, మళ్ళీ తిప్పింది. మర్నాడు మధ్యాహ్నం, వాన వెలిశాక, ల్యాండ్‌లైన్‌లో ఒక్కసారిగా ప్రాణం వచ్చినట్టు గుయ్‌మంది. తిప్పింది.

రింగు సగంలోనే ఎత్తాడు.

“లేచాయా?”

“లేచాయి, మాస్టారూ. మూడూ.”

అవతల కుర్చీ కిర్రుమంది. “చేతులు ఎక్కడ పెట్టుకున్నావు?” అని అడిగాడు.

“కిటికీ చువ్వల మీద.”

“నేను చెప్పబోయింది వీపు వెనక కట్టుకోమని. నీదే నయం.”

చెప్పాల్సింది అయిపోయింది. ఫోను పెట్టేయాల్సింది ఎవరో ఒకరు. ఆమె పెట్టలేదు. ఆయనా పెట్టలేదు. తీగలో ఎక్కడో నీటి బొట్టు పడుతున్నట్టు చిన్న చప్పుడు వస్తోంది.

కిణుక్కుమంటూ తెర మీద ప్రశ్న వచ్చింది. గేటక్క నొక్కింది.

టక్.

“విన్నాను,” అన్నాడు డిస్కు మాస్టారు. తర్వాత, అడగనా వద్దా అన్నట్టు, “మళ్ళీ ఎప్పుడు అడుగుతుంది?”

“పావుగంటకి. మీరు పెట్టిందే కదా!”

“అయితే అప్పటిదాకా లైన్లోనే ఉంటాను, నీకు పనేం లేకపోతే.”

గేటక్క కుర్చీ దగ్గరికి లాక్కుంది.